ట్రాక్టరు బలమునకు తగిన స్లాషరు వెడల్పు

పత్తి ఏరుట ముగిసిన వెంటనే చేలలో నిలిచియున్న కట్టెను ముక్కలు చేసి నేలలో కలిపివేయుట మంచిదని రైతులందరు ఎరిగినదే. కట్టెమీద మిగిలిన ఎండుకాయలలో గులాబిరంగు పురుగు దాగి మరుసటి పంటకై కాచుకొని యుండును. కట్టెను తగులబెట్టినచో పురుగు చచ్చును గాని, నేలకు చేరవలసిన సత్తువ పొగయై పోవును. అందుచేత ట్రాక్టరు వెనుక కట్టి కట్టెను నరుకు స్లాషరులకు గ్రామములలో గిరాకి పెరిగినది. మామిడి తోటలలో కలుపు కోయుటకును ఇదియే సాధనము.

ఇట్టి యంత్రములను అద్దెకిచ్చు సంఘములలో ఒక ప్రశ్న తరచుగా పుట్టుచుండును. "మనకు 45 అశ్వశక్తుల ట్రాక్టరు కలదు. దానికి 5 అడుగుల స్లాషరు కలదు. కట్టె కొట్టించుకొనవలసిన సభ్యులు ఎక్కువ, దినములు తక్కువ. 7 అడుగుల స్లాషరు కొన్నచో పని త్వరగా తెమలదా?" అని సభ్యులు అడుగుదురు. 5 అడుగులు పోయి 7 అడుగులు వచ్చినచో దినమునకు అంత ఎక్కువ భూమి తెమలునని తోచుట సహజమే. తోచినది నిజమగునో కాదో లెక్కవేసి చూచుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము. సభ్యుల వాటాధనముతోను, అప్పు తెచ్చిన సొమ్ముతోను కొనవలసిన వస్తువు గనుక ఈ లెక్క కొనుటకు ముందే చూడవలయును.

1. యంత్రము పనిచేయు విధము

ట్రాక్టరు వెనుక గాడులు గల చిన్న ఇరుసు ఒకటి బయటికి వచ్చి యుండును. దీనిని పి.టి.ఓ. అందురు. ఇది సాధారణముగా నిమిషమునకు 540 చుట్లు, అనగా సెకనునకు 9 చుట్లు తిరుగును. ఈ తిరుగుడు షాఫ్టు ద్వారా స్లాషరుమీది గేరుబాక్సును చేరును. గేరుబాక్సు దానిని నిలువు ఇరుసునకు మార్చి, వేగమును హెచ్చించి, ఇనుప కప్పు క్రింద నున్న కత్తులను త్రిప్పును. 5 అడుగుల స్లాషరులో కత్తులు నిమిషమునకు 1000 చుట్లు తిరుగునెడల కత్తికొన సెకనుకు సుమారు 80 మీటర్ల దూరము పోవుచుండును.

కట్టె తెగునది ముఖ్యముగా ఈ వేగముచేతనే. వేగము తగ్గినచో కత్తి కోయుట మాని కొట్టుటకు మొదలిడును. అప్పుడు కట్టె మొదలు చీలి పీచుపీచుగా నిలుచును. కొంత కట్టె వంగి, యంత్రము దాటిన పిమ్మట మరల లేచును. కాబట్టి పి.టి.ఓ.ను దాని 540 చుట్ల వేగమున నిలుపగలిగినపుడే స్లాషరు తన పని చేయును. వెడల్పును గూర్చిన ప్రశ్నయంతయు ఈ యొక్క మాటమీదనే ఆధారపడి యున్నది.

2. ఇంజను శక్తి మూడు తావుల ఖర్చగును

వాడుకలో హెచ్.పి. అనబడు అశ్వశక్తి, పని జరుగు వేగమునకు కొలత. 75 కిలోల బరువును ఒక్క సెకనులో 1 మీటరు ఎత్తు లేపగల శక్తిని 1 అశ్వశక్తి అందురు. మంచి ఎడ్ల జత నిలకడగా లాగునప్పుడు చూపు శక్తి సుమారు ఇంతే.

గాదెలో గింజలు ఎన్ని యున్నవో అన్నియే తీయగలము. ఇంజను శక్తియు అట్టిదే. స్లాషరు ఆ శక్తిని మూడు తావుల ఖర్చుపెట్టును. మొదటిది వెడల్పు: ఎన్ని అడుగుల మేర కోయుచున్నాము? రెండవది నడక: ట్రాక్టరు ఎంత వేగముగా పోవుచున్నది? మూడవది మొక్క: అది గరికయా, నడుమెత్తు వయ్యారిభామయా, ముదిరిన పత్తికట్టెయా? ఈ మూడింటిలో ఒకదానిని పెంచినచో తక్కిన రెంటిలో ఒకటి తగ్గవలయును. మొక్కను మనము మార్చలేము. కాబట్టి బలము చాలని ట్రాక్టరునకు వెడల్పు పెంచినచో నడక తగ్గుట తప్పదు.

3. చేతికి వచ్చు శక్తి ఎంత?

ట్రాక్టరు మూతిమీద వ్రాసిన సంఖ్య ఇంజను శక్తి. అది యంతయు పి.టి.ఓ.కు చేరదు. నడుమ నున్న గేరులు మొదలగు వానిలో కొంత పోవును. నూటికి 85 పాళ్ళు చేరునని లెక్కించుట క్షేమము. ఆ లెక్కన 45 అశ్వశక్తుల ట్రాక్టరులో పి.టి.ఓ. వద్ద దొరకునది సుమారు 38.

ఈ 38ని కూడ పూర్తిగా ఖర్చు చేయరాదు. ట్రాక్టరు తాను నడచుటకు కొంత కావలయును. దుక్కి మెత్తగా నున్నచోట అది హెచ్చును. ఇంజను పాతబడిన కొలది, గాలి వడపోతలో దుమ్ము పట్టిన కొలది శక్తి తగ్గును. దట్టమైన చోటు హఠాత్తుగా ఎదురైనపుడు తట్టుకొనుటకు కొంత మిగులుండవలయును. వీటన్నిటికిని అయిదింట ఒక వంతు విడిచినచో 30 మిగులును. 45 అశ్వశక్తుల ట్రాక్టరుతో స్లాషరు నడుపువాడు తన చేతిలో 30 మాత్రమే యున్నవని తలంచవలయును.

పి.టి.ఓ. శక్తి నిజముగా ఎంతయో తెలిసికొనుటకు ఊహయే ఆధారము కానక్కరలేదు. మధ్యప్రదేశ్‌లోని బుద్నీయందు 1955లో నెలకొల్పబడిన కేంద్ర సంస్థ ట్రాక్టరులను పరీక్షించి నివేదికలు ప్రకటించును. అందులో ఆయా రకపు ట్రాక్టరు పి.టి.ఓ. శక్తియు, లిఫ్టు ఎత్తగల బరువును వ్రాయబడి యుండును. కొనుగోలు సమయమున అమ్మువారిని ఆ నివేదిక చూపుమని అడుగుట సభ్యులకు సిగ్గుపడవలసిన పనికాదు.

4. అడుగు ఒక్కింటికి ఎంత కావలయును?

కలుపు, గడ్డి కోయుటకు అడుగు వెడల్పునకు పి.టి.ఓ. వద్ద 5 అశ్వశక్తులు, ముదిరిన పత్తికట్టెకు 6 అశ్వశక్తులు కావలయునని లెక్కించుకొనుట పనికివచ్చు కొలత. సర్కారుతుమ్మ పొదలకు ఇంకను ఎక్కువ పట్టును. యంత్రముకూడ గట్టిరకము కావలయును. యంత్రముతో వచ్చు పుస్తకములో ఇంతకంటె హెచ్చు సంఖ్య వ్రాసియున్నచో దానినే పాటింపవలయును.

పైన చెప్పిన తగ్గింపులన్నియు చేర్చి, గంటకు 5 కిలోమీటర్ల నడకతో పని సాగుటకు ఎంత ఇంజను కావలయునో ఈ క్రింద చూపితిని.

5 అడుగుల స్లాషరు: కలుపునకు 37, పత్తికట్టెకు 45 అశ్వశక్తుల ఇంజను.
6 అడుగుల స్లాషరు: కలుపునకు 45, పత్తికట్టెకు 53 అశ్వశక్తుల ఇంజను.
7 అడుగుల స్లాషరు: కలుపునకు 52, పత్తికట్టెకు 62 అశ్వశక్తుల ఇంజను.

దీనినిబట్టి ఒకే 45 అశ్వశక్తుల ట్రాక్టరు మామిడి తోటలో కలుపునకు 6 అడుగులు త్రిప్పగలదనియు, పత్తి చేనిలో 5 అడుగులే త్రిప్పగలదనియు తేలుచున్నది. ఏ పనికి కొనుచున్నామో నిశ్చయించుకొనక వెడల్పును నిశ్చయింపరాదు.

ఇచ్చట ఒక హెచ్చరిక. ఈ కొలతలు స్లాషరునకే చెల్లును. రోటవేటరు నేలను త్రవ్వునది గనుక అదే వెడల్పునకు మిక్కిలి హెచ్చు శక్తి కోరును. కట్టెను పిండివలె నలుగగొట్టు మల్చరు కూడ స్లాషరుకంటె బరువైన పనియే. "మా పొరుగువాని ట్రాక్టరు 6 అడుగుల యంత్రమును త్రిప్పుచున్నది" అని వినినపుడు, ఏ యంత్రమో, ఏ మొక్కలోనో మొదట అడుగవలయును.

5. ఎకరముల లెక్క

ఇక అసలు ప్రశ్నకు వత్తము. 5 అడుగులనగా 1.52 మీటరు. గంటకు 5 కిలోమీటర్లు నడచినచో 7,600 చదరపు మీటర్లు తెమలును. ఎకరమునకు 4,047 చదరపు మీటర్లు గనుక ఇది 1.88 ఎకరము. మలుపులకు, ఒక సాలు మీద ఇంకొక సాలు పడుటకు అయిదింట ఒక వంతు తీసివేసినచో గంటకు ఎకరమున్నర దక్కును.

7 అడుగులనగా 2.13 మీటర్లు. అదే 5 కిలోమీటర్ల నడక సాగినచో గంటకు 2.1 ఎకరములు దక్కవలయును. సభ్యులు ఆశించునది ఇదియే. అయితే పత్తికట్టెలో దానికి 42 అశ్వశక్తులు కావలయును. మన చేతిలో నున్నవి 30. చాలనందున నడకను 3.5 కిలోమీటర్లకు తగ్గింపవలసి వచ్చును. అప్పుడు దక్కునది మరల ఎకరమున్నరయే! ట్రాక్టరులో 3.5కు సరియైన గేరు లేక 3 కిలోమీటర్ల గేరులో నడుపవలసివచ్చెనా, దక్కునది ఎకరమున్నర కూడ కాదు, ఎకరముంబాతికయే. ఇదియుగాక, పెద్ద కత్తులను ఊరక త్రిప్పుటకే చిన్నవానికంటె హెచ్చు శక్తి పోవును. అది కోతకు అక్కరకు రాని ఖర్చు.

పత్తి చేనిలో ఈ సంగతిని చాళ్ళ లెక్కన చూచినచో మరింత స్పష్టమగును. చాళ్ళు 3 అడుగుల ఎడమున నున్నవనుకొందము. 5 అడుగుల యంత్రము ఒక్కసారికి 2 చాళ్ళను పట్టును. 6 అడుగులదియు 2 చాళ్ళనే పట్టును. ఆ యొక అడుగు వలన లాభము లేదు. 7 అడుగులది, త్రోలువాడు తిన్నగా త్రోలినచో, 3 చాళ్ళు పట్టును. కాని 2 చాళ్ళకు సరిపోవు ఇంజను 3 చాళ్ళను నరుకవలసి వచ్చినపుడు, 3 గంటలకు నడచు దూరము నడచుటకు నాలుగున్నర గంటలు పట్టును. చాళ్ళు పెరిగినవి, నడక తగ్గినది, చేను అంతయే.

కాబట్టి ఎకరములు వచ్చుట యంత్రపు వెడల్పునుండి కాదు, ఇంజనునుండి. ఇంజనులో మిగులు శక్తి యున్నచో వెడల్పు దానిని వాడుకొనును. మిగులు లేనిచోట వెడల్పు క్రొత్తగా దేనిని పుట్టింపలేదు.

6. బరువు సంగతి

"మా ట్రాక్టరు లిఫ్టు 1,500 కిలోలు ఎత్తును, స్లాషరు బరువు 500 కిలోలే కదా!" అని కొందరందురు. ఎత్తుట వేరు, ఎత్తినపుడు ముందుచక్రములు నేలను పట్టుకొని యుండుట వేరు. ఏతమును తలచుకొనుడు. ట్రాక్టరు వెనుక ఇరుసే ఏతపు ఇరుసు. వెనుక వ్రేలాడు బరువు ఎంత దూరముగా నున్న అంత బలముగా ముందు భాగమును పైకి లేపును.

ఉదాహరణమునకు, ట్రాక్టరు బరువు 2,000 కిలోలు, అందు ముందు ఇరుసు మీద 800 కిలోలు, రెండు ఇరుసుల నడిమి దూరము 2 మీటర్లు అనుకొందము. 350 కిలోల చిన్న స్లాషరు బరువు వెనుక ఇరుసునకు 1.8 మీటరు దూరమున పడినచో, 350ని 1.8తో హెచ్చించి 2తో భాగింపగా 315 వచ్చును. ముందు ఇరుసు మీద 485 కిలోలు మిగులును. 500 కిలోల పెద్ద స్లాషరు బరువు 2.1 మీటర్ల దూరమున పడినచో 525 కిలోలు తేలిపోయి, మిగులునవి 275 మాత్రమే. చుక్కాని త్రిప్పినపుడు ట్రాక్టరు మాట వినుటకు దాని బరువులో కనీసము అయిదవ వంతు, ఇచ్చట 400 కిలోలు, ముందుచక్రముల మీద ఉండవలయును. 275తో కాలువ కట్ట ఎక్కునపుడు ముందు భాగము లేచుట, మలుపున చక్రములు జారుట సంభవించును.

ముందు భాగమున సుమారు 100 కిలోల ఇనుప దిమ్మెలు వేసినచో ఈ లోపము తీరును. కాని దిమ్మెలు తూకమును సరిచేయును; ఇంజనునకు శక్తినీయవు. ఈ రెంటిని కలగాపులగము చేసికొనరాదు.

7. కత్తుల ఊపు

తిరుగుచున్న కత్తులు బండిచక్రము వంటివి, వెంటనే ఆగవు. ఒకే బరువు గల కత్తులను ఒకే వేగమున త్రిప్పినను, 5 అడుగుల చుట్టుకంటె 7 అడుగుల చుట్టులో ఇంచుమించు రెట్టింపు ఊపు నిలుచును. ఒకే క్లచ్చి గల పాత ట్రాక్టరులలో క్లచ్చి తొక్కినపుడు ఇంజను మాత్రమే విడిపోవును; పి.టి.ఓ.కును చక్రములకును గల లంకె తెగదు. అప్పుడు కత్తుల ఊపు షాఫ్టు గుండ వెనుకకు వచ్చి ట్రాక్టరునే ముందుకు తోయును. గట్టు చివర, బావి దగ్గర, చెట్టు మొదట ఆగదలచినవాడు ఆగలేకపోవును. ఇందులకు విరుగుడుగా సైకిలు ఫ్రీవీలు వలె ఒకవైపునకే పట్టు ఓవర్‌రన్నింగ్ క్లచ్చిని షాఫ్టునకు అమర్చుకొనవలయును. అది లేనిదే అట్టి ట్రాక్టరుకు వెడల్పు స్లాషరు కట్టుట ప్రాణములతో ఆడుకొనుటయే.

పి.టి.ఓ. ఆపిన పిమ్మటకూడ కత్తులు కొంతసేపు తిరుగుచుండును. అవి పూర్తిగా నిలిచి, ఇంజను ఆపి, తాళపుచెవి చేతికి తీసికొనిన తరువాతనే దగ్గరకు పోవలయును. పైకెత్తిన యంత్రము క్రింద మొద్దులు ఆనింపక చేయి పెట్టరాదు. కత్తికి తగిలిన రాయి తుపాకిగుండు వలె పోవును. పని జరుగునపుడు పిల్లలను, కూలీలను, పశువులను 100 మీటర్ల లోపలికి రానీయరాదు. షాఫ్టుమీది తొడుగు ఊడినచో క్రొత్తది వేయువరకు పని నిలుపవలయును. సెకనునకు 9 చుట్లు తిరుగు ఇరుసునకు తువ్వాలు కొంగు చిక్కుకొనినచో, మనిషి దానిని లాగికొను వ్యవధి యుండదు.

8. ఒక బోల్టు చెప్పిన నీతి

కొన్ని ఏండ్ల క్రిందట నేను తిరుగుచుండిన గ్రామములలో ఒకచోట ఇట్లే 7 అడుగుల స్లాషరు కొనిరి. ట్రాక్టరు 42 అశ్వశక్తులది. కొనుగోలు తీర్మానము జరిగిన సభలో నేనును ఉంటిని. ఒక వృద్ధ రైతు లేచి, "మన బండి దీన్ని లాగుతుందా అయ్యా?" అని నన్నడిగెను. "లాగుతుందండీ" అంటిని. నిజమునకు లాగినది. కాని లాగుటకును త్రిప్పుటకును గల భేదమును నేనానాడు చెప్పనైతిని. ఆ లోపము నాది.

మొదటి దినముననే షాఫ్టులోని షేర్‌బోల్టు తెగెను. అది తెగుటకే పెట్టిన మెత్తని బోల్టు. కత్తులకు మోయరాని భారము తగిలినపుడు తాను తెగి గేరుబాక్సును కాపాడును. దినమునకు నాలుగయిదు బోల్టులు తెగుచుండగా విసిగిన డ్రైవరు పట్టణమునుండి గట్టి ఉక్కుబోల్టు తెచ్చి బిగించెను. అది తెగలేదు. మూడవ దినమున గేరుబాక్సులోని పళ్ళు విరిగెను. సామాను వచ్చి బాగుపడుసరికి నెల గడచినది. ఆ నెల చేలలో కట్టె అట్లే నిలిచియున్నది. విసిగిన కొందరు నిప్పు పెట్టిరి. అద్దె రాబడి ఆగినది గాని అప్పు వాయిదా ఆగలేదు.

డ్రైవరును నిందించుట సులభము. అయినను అతడు బోల్టు మార్చక పూర్వమే ఆ బోల్టు నాలుగయిదు మారులు తెగి మనకు నిజము చెప్పినది. దాని మాట విన్నవాడు లేడు. షేర్‌బోల్టు మాటిమాటికి తెగుచున్నచో, బోల్టు చెడ్డదని కాదు, జత కుదురలేదని తెలిసికొనవలయును. బోల్టునకు బదులు జారుడు క్లచ్చి గల యంత్రములు నున్నవి. అవి పనిలేని కాలమున బిగుసుకొనిపోవును గనుక ప్రతి యేడు పనికి ముందు వదులు చేసి, ఒకసారి జారనిచ్చి, పుస్తకములో చెప్పిన కొలతకు మరల బిగింపవలయును.

9. వెడల్పు యంత్రము ఇదివరకే కొన్నవారికి

కొన్నదానిని అమ్మివేయనక్కరలేదు. ఈ పద్ధతులు పాటించినచో అది నిలుచును.

ఒకటి: ఇంజను వేగమును తగ్గింపక, గేరును తగ్గింపుడు. 540 చుట్ల గుర్తువద్ద ముల్లు నిలువవలయును. నడక మాత్రము నెమ్మదిగా ఉండవలయును. భారము తగ్గునని ఇంజను వేగము తగ్గించువారు కోతను చెరుపుదురు.

రెండు: దట్టమైన చోట యంత్రపు పూర్తి వెడల్పును మొక్కలోనికి పంపక, సగమో ముప్పాతికయో పంపుడు.

మూడు: మొదట ఎత్తున ఒకమారు, పిమ్మట తక్కువగా ఇంకొకమారు కోయుడు. మట్టిని తాకు కోత శక్తిని మ్రింగును, కత్తిని మొద్దుచేయును.

నాలుగు: కత్తులను పదునుగా ఉంచుడు. ఒకటి మార్చినపుడు దాని జతను కూడ మార్చుడు. బరువు తేడా వచ్చినచో యంత్రమంతయు అదరును.

అయిదు: పని నడుమ వేగపు ముల్లు పదవ వంతుకంటె క్రిందికి దిగుట, పొగ నల్లగా వచ్చుట, వెనుక కట్టె తెగక నిలుచుట — ఈ మూడును ఇంజను ఇచ్చు ఫిర్యాదులు. వెంటనే గేరు తగ్గింపవలయును.

10. పని త్వరపడుటకు వేరు మార్గములు

సభ్యుల తొందర న్యాయమైనదే. కాని 5 అడుగుల యంత్రముతోనే అది కొంత తీరగలదు. ప్రతి సాలుకు ఒక అడుగు వెనుకటి సాలు మీద పడునట్లు త్రోలినచో అయిదింట ఒక వంతు కాలము వ్యర్థమగును. అర అడుగునకు తగ్గించుట డ్రైవరు నేర్పులో నున్నది. ఒకరి చేను తూర్పున, మరునాడు ఇంకొకరిది పడమట కొట్టుటలో రోడ్డు మీదనే గంటలు గడచును. సంఘము సభ్యుల పేర్లను చేల వరుసను బట్టి వ్రాసికొని, ప్రక్కప్రక్క చేలను ఒకే దినమున తెమల్చినచో ఆ గంటలు మిగులును. ఇది వ్యక్తికి సాధ్యము కాదు, సహకార సంఘమునకే సాధ్యము. కోత ముమ్మరముగా నుండు దినములలో ఇద్దరు డ్రైవరులను మార్చి మార్చి ఎక్కించినచో ఎకరములు నిజముగా పెరుగును.

ఎకరము అరెకరము చేలలో వెడల్పు యంత్రము మలుపులలో ఇబ్బంది పడుననియు, గట్ల ప్రక్క ఒక అంచున మట్టిని గీకుచు మరియొక అంచున మొక్కను విడుచుననియు కూడ గుర్తుంచుకొనవలయును. అట్లని మరీ సన్నని యంత్రమును మెచ్చుట లేదు. ట్రాక్టరు వెనుక చక్రముల వెలుపలి అంచులను కప్పనిచో చక్రము త్రొక్కిన మొక్క కోతకు దొరకక మరల లేచును. 5 అడుగుల యంత్రము అట్లు చాలనపుడు దానిని కుడి ప్రక్కకు జరిపి కట్టు అమరిక గలదేమో చూచి, కోయని వైపు చక్రమును కప్పునట్లు నడుపవలయును.

11. సభలో అడుగవలసిన ప్రశ్నలు

వెడల్పు స్లాషరు కొనుటకు తీర్మానము వచ్చినపుడు ప్రతి సభ్యుడును ఈ ప్రశ్నలు అడుగవలయును.

మన ట్రాక్టరు పి.టి.ఓ. శక్తి పరీక్షా నివేదికలో ఎంత యున్నది? మనము ముఖ్యముగా కోయునది కలుపా, కట్టెయా? దానికి అడుగొక్కింటికి ఎంత కావలయును? అయిదవ వంతు మిగులు నుండునా? యంత్రము ఎత్తినపుడు ముందు చక్రములమీద ఎంత బరువు నిలుచును? గేరుబాక్సు ఎంత శక్తికి తట్టుకొనునని పుస్తకములో వ్రాసినారు? ఓవర్‌రన్నింగ్ క్లచ్చి, షాఫ్టు తొడుగు, రాళ్ళను అడ్డగించు గొలుసులు ఉన్నవా? అన్నిటికి మించి, మన ట్రాక్టరుకే కట్టి, మన సభ్యుని చేనిలోనే, ముదిరిన కట్టెలో ఒక గంట నడిపి చూపుదురా? ఆ గంటలో వేగపు ముల్లును ఒకరు చూడవలయును, తెమలిన భూమిని ఒకరు కొలువవలయును.

ఈ ప్రశ్నలకు సరియైన జవాబులు వచ్చినచో, 55 అశ్వశక్తుల ట్రాక్టరు గల సంఘము కట్టెకు 6 అడుగులది, కలుపునకు 7 అడుగులది నిస్సంశయముగా కొనవచ్చును. 45 అశ్వశక్తుల సంఘము కట్టెకు 5 అడుగులతోనే ఆగుట పిరికితనము కాదు. ఆనాడు ఆ వృద్ధ రైతు నన్నడిగినట్లు మీ సభలో ఎవరైన లేచి, "మన బండి దీన్ని లాగుతుందా?" అని అడిగినచో, "లాగుట కాదు, ఎంత నడకతో ఎంతసేపు త్రిప్పునో లెక్క చూతము రండు" అని బదులు చెప్పుడు.